పోటు చూసుకుని పడవెక్కండి
మడ అడవులు, వాన అడవుల ప్రయాణం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఉత్తర, మధ్య అండమాన్ పల్లెల గురించి విశాఖ పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈసారి జవాబులు. పేరు మారి శ్రీ విజయపురమైనా, చదివేవారికి అలవాటు కాబట్టి ఇక్కడ పోర్ట్ బ్లెయిర్ అనే రాస్తున్నాం.

ప్రశ్న: విశాఖ నుంచి ఓడలో వెళ్లాలని మా ఇంట్లో అందరికీ ఉంది. ఏ నెలలో వెళ్లాలి? ఎన్ని రోజులు కావాలి?
*– ఎంవీపీ కాలనీ పాఠకురాలు*

జనవరి నుంచి ఏప్రిల్ మొదటి వారాల దాకా మంచి కాలం. మే మూడో వారం నుంచి నైరుతి గాలి మొదలవుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య వానలు, మధ్యమధ్య వాయుగుండాలు. ఏడాదికి సుమారు మూడు వేల మిల్లీమీటర్ల వాన పడే చోటు అది. వానల్లో అడవి అందంగానే ఉంటుంది కానీ గాలి లేస్తే పడవలు కట్టేస్తారు. మీరు ఏ ఊళ్లో ఉంటే ఆ ఊళ్లోనే ఆగిపోతారు.

విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్ సముద్రం మీద సుమారు 1200 కిలోమీటర్లు. ఓడకు 56 గంటలు, కాస్త అటూ ఇటూగా పడుతుంది. చెన్నై, కోల్‌కతా నుంచి నడిచినన్ని ఓడలు ఇక్కడి నుంచి నడవవు. తేదీలు కూడా ఎంతో ముందుగా ఖాయం కావు. సెలవు పెట్టి, పిల్లల పరీక్షలు చూసుకుని వెళ్లే కుటుంబం రెండు వైపులా ఓడనే నమ్ముకోకూడదు. వెళ్లేటప్పుడు ఓడ, వచ్చేటప్పుడు విమానం పెట్టుకోండి. తిరుగు టికెట్‌కు ముందు కనీసం ఒక రోజు ఖాళీగా ఉంచండి. వాంతుల మాత్ర కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పనిచేయదు. డాక్టరును అడిగి, ఓడ కదలడానికి గంట ముందే వేసుకోవాలి. బంక్ తరగతి చవకే కానీ పెద్దవాళ్లకు క్యాబిన్ తీసుకోవడం మంచిది. మూడు రాత్రులు నిద్ర లేకపోతే దిగాక రెండు రోజులు పడకే.

రోజుల సంగతి. పల్లె అండమాన్ చూడాలంటే దిగిన రోజు, ఎక్కే రోజు కాక ఆరు రోజులు కావాలి. అంతకన్నా తక్కువ ఉంటే ఉత్తర అండమాన్‌లోని డిగ్లీపూర్ వదిలేసి, మధ్య అండమాన్‌లోని రంగత్ దాకా వెళ్లి రండి. డిగ్లీపూర్ రోడ్డు మీద మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. కాన్వాయ్‌లు (అడవి దారిలో గుంపుగా పంపే బండ్ల వరుసలు), పంట్లు (బండ్లను నీళ్లు దాటించే పడవలు) కలిపితే పది పన్నెండు గంటలు బండిలోనే గడుస్తాయి.

ప్రశ్న: అమ్మానాన్నలకు డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులున్నాయి. బారాటాంగ్ దీవి సున్నపురాతి గుహలకు పోర్ట్ బ్లెయిర్ నుంచి ఒక్కరోజులో తీసుకెళ్లి రావచ్చంటున్నారు. నిజమేనా?
*– గాజువాక పాఠకుడు*

వెళ్లి రావచ్చు, చాలామంది అలాగే వెళ్తున్నారు. మీ అమ్మానాన్నల విషయంలో మాత్రం వద్దంటాం. ఆ రోజు ఎలా నడుస్తుందో చూడండి. పొద్దున ఆరింటి కాన్వాయ్ అందాలంటే తెల్లవారుజామున నాలుగు లోపే పోర్ట్ బ్లెయిర్‌లో బండెక్కాలి. జిర్కాటాంగ్ చెక్‌పోస్టులో అందరి పేర్లు, గుర్తింపు కార్డుల వివరాలు రాసి ఇవ్వాలి. ఈ పని డ్రైవరు చూసుకుంటాడు, మీరు కార్డుల నకళ్లు నాలుగైదు సెట్లు పెట్టుకుంటే చాలు. అక్కడి నుంచి జరావా ఆదివాసుల రిజర్వు అడవిలో యాభై కిలోమీటర్లకు కాస్త తక్కువ దూరం, బండి వెనక బండి. తర్వాత మిడిల్ స్ట్రెయిట్ దగ్గర పంటు మీద జలసంధి దాటి నీలంబూర్ జెట్టీ, అక్కడి నుంచి మడ అడవి కాలువలో అరగంట చిన్న పడవ, దిగాక కిలోమీటరు పైన నడక. గుహలో గడిపేది అరగంట. మళ్లీ అంతా వెనక్కి. మధ్యాహ్నం మూడు ప్రాంతంలో వెళ్లే ఆఖరి కాన్వాయ్ తప్పితే రాత్రి అక్కడే. కాన్వాయ్ వేళలు మారుస్తుంటారు కాబట్టి ముందు రోజు సాయంత్రం మళ్లీ కనుక్కోవాలి.

ఇంతకన్నా మంచి పద్ధతి ఉంది. గుహ చూశాక వెనక్కి రాకుండా ముందుకే వెళ్లి రంగత్‌లో పడుకోండి. బారాటాంగ్ అవతలి జలసంధి మీద ఇప్పుడు వంతెన ఉంది, అక్కడ పంటు కోసం కాచుకోనక్కర్లేదు. తెల్లవారుజామున బయల్దేరడం తప్పదు కానీ ఆఖరి కాన్వాయ్ కోసం పరుగు తప్పుతుంది.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు నడక కన్నా కష్టం, పడవలోకి దిగడం, ఎక్కడం. జెట్టీ కదలదు, నీరు కదులుతుంది. పోటు నిండుగా ఉన్నప్పుడు పడవ అంచు జెట్టీ మెట్టుకు దగ్గరగా ఉంటుంది, ఒక్క అడుగుతో దిగిపోవచ్చు. పాటులో, అంటే నీరు తీసినప్పుడు, అదే పడవ అయిదారు అడుగుల కిందికి పోతుంది. నాచు పట్టిన మెట్ల మీద, ఊగే పడవలోకి డెబ్బై ఏళ్లవారిని దింపడం ప్రమాదం. కాబట్టి పోటు ఉన్న వేళకు పడవెక్కేలా కాన్వాయ్ ఎంచుకోండి. ఆ రోజు పోటు పదకొండింటికైతే ఆరింటి కాన్వాయ్ కన్నా తొమ్మిదింటిదే మీకు నయం. అయితే ఆ రాత్రి రంగత్‌లో ఉండేలా ఉంటేనే.

గుహలో దీపాలుండవు, ఒక్కొక్కరికి ఒక టార్చి కావాలి. వేలాడే సున్నపు ఊడలను ముట్టుకోకండి. చేతి జిడ్డు అంటిన చోట సున్నం మళ్లీ సరిగా పేరుకోదు.

ప్రశ్న: ఆ దారిలో జరావాలు కనిపిస్తారా?
*– అక్కయ్యపాలెం పాఠకుడు*

ఈ ప్రశ్న ఇంకా చాలామంది అడిగారు. ఆ ఆశతో మాత్రం ఆ దారి ఎక్కకండి. జరావాలు కొన్ని వందల మందే ఉన్నారు. 1998 దాకా బయటివాళ్లకు దూరంగా బతికిన వాళ్లు. మనకు మామూలుగా వచ్చిపోయే రోగాలను తట్టుకునే శక్తి వాళ్ల ఒంట్లో లేదు. 1999లో, మళ్లీ 2006లో వాళ్లలో తట్టు వ్యాపించింది. బండి ఆపడం, అద్దం దించి బిస్కెట్లు విసరడం, ఫొటో తీయడం 1956 నాటి ఆదివాసుల రక్షణ నిబంధనల కింద నేరాలు, జైలు శిక్ష పడుతుంది. రిజర్వులో ఉన్నంతసేపు ఫోన్లు సంచిలో పెట్టేయండి, పిల్లలకు ముందే చెప్పండి. డ్రైవరు డబ్బు తీసుకుని ఆపుతానంటే ఒప్పుకోకండి. ఆ దారినే వెళ్లకూడదనుకునేవారికి పోర్ట్ బ్లెయిర్ నుంచి రంగత్‌కు ప్రభుత్వ ఓడలు ఉంటాయి. నెమ్మదిగా వెళ్తాయి కానీ మనసుకు హాయి.

ప్రశ్న: రంగత్ దగ్గర ధనీ నల్లా మడ అడవి వంతెన మీద నడిచాం. కింద నీళ్లు తప్ప ఏమీ కనిపించలేదు. మా బంధువులు అదే చోట చేపలు, పీతలు ఎన్నో చూశారట. తేడా ఎక్కడొచ్చింది?
*– పెందుర్తి పాఠకురాలు*

వేళలో. మీరు నిండు పోటులో వెళ్లారు, వాళ్లు పాటులో వెళ్లారు.

మడ అడవిలో నిండు పోటు పడవ వాళ్లది, పాటు నడిచేవాళ్లది. నీరు తీసినప్పుడే బురద మీద గెంతే చేపలు బయటికొస్తాయి. ఒక డెక్క పెద్దది, ఒకటి చిన్నది ఉన్న పీతలు వేల కన్నాల్లోంచి లేచి ఆ పెద్ద డెక్క ఊపుతాయి. కొంగలు, లకుముకి పిట్టలు వాటి కోసం దిగుతాయి. ఉప్పుపొన్న చెట్ల ఊత వేళ్లు మొదలు దాకా కనిపిస్తాయి. మడ చెట్ల చుట్టూ బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన శ్వాస వేళ్లూ అప్పుడే కనబడతాయి. ఆ బురదలో గాలి ఆడదు కాబట్టి చెట్టు వేళ్లను పైకి పంపి ఊపిరి పీల్చుకుంటుంది. పొన్న కొమ్మలకు మునక్కాయల్లా వేలాడేవి కాయలు కావు, చెట్టు మీద ఉండగానే మొలకెత్తిన మొక్కలు. పాటులో రాలితే కిందే నాటుకుంటాయి, పోటులో రాలితే తేలిపోయి ఇంకోచోట వేరూనుతాయి.

వేళ లెక్క కట్టడం కష్టమేమీ కాదు. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. పోటుకూ తర్వాతి పాటుకూ మధ్య ఆరు గంటల పైన కొన్ని నిమిషాలు. ఈరోజు పోటు తొమ్మిదింటికి వస్తే రేపు దాదాపు తొమ్మిది యాభైకి వస్తుంది, అంటే రోజుకు సుమారు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతుంది. పౌర్ణమి, అమావాస్యలు వెళ్లిన ఒకటి రెండు రోజులకు పోటుపాట్ల తేడా ఎక్కువ, అండమాన్‌లో రెండు మీటర్ల దాకా ఉంటుంది. అష్టమి దగ్గర మీటరుకు లోపే. కాబట్టి ఇంట్లో పంచాంగం చూసే తారీఖులు ఎంచుకోవచ్చు. పీతలు, వేళ్లు బాగా చూడాలంటే పౌర్ణమి, అమావాస్య దగ్గర రోజులు. పెద్దవాళ్లతో పడవల మీద తిరగాలంటే అష్టమి దగ్గర రోజులు, అప్పుడు ఏ వేళకైనా పడవ మరీ కిందికి పోదు.

గంటలు తెలియాలంటే పంచాంగం చాలదు, పోటు పట్టిక చూడాలి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ రేవులవారీగా ఇస్తుంది. పోర్ట్ బ్లెయిర్ పట్టిక తీసుకోండి, విశాఖ పట్టిక అక్కడ పనికిరాదు, వేళలు కలవవు. ఇంకో సంగతి. పట్టికలో ఉన్నది సముద్రపు ఒడ్డు వేళ. కాలువ లోపలికి వెళ్లేకొద్దీ పోటు ఆలస్యంగా అందుతుంది. ఎంత ఆలస్యమో ఆ కాలువలో పడవ నడిపేవాడికి తెలుసు, అతన్ని అడగండి.

ధనీ నల్లా వంతెన పొడవు 713 మీటర్లు, చివర ఇసుక తీరం వస్తుంది. పాటు పూర్తయ్యే వేళకు రెండు గంటల ముందు మొదలుపెట్టండి. నీరు ఇంకా తీస్తూ ఉంటుంది, అప్పుడే తేలిన బురద మీదికి పీతలు దిగడం మొదలవుతుంది. నాలుగు అడుగులేసి అయిదు నిమిషాలు కదలకుండా నిలబడండి. చెక్కల మీద అడుగుల చప్పుడుకు అన్నీ కన్నాల్లో దూరిపోతాయి, అలికిడి ఆగితేనే తిరిగొస్తాయి. గబగబా చివరిదాకా నడిచినవాళ్లకు ఏ వేళకైనా కనిపించేది బురదే.

వంతెన దిగి బురదలోకి వెళ్లకండి. వేళ్లకు అంటిన ఆలిచిప్పలు బ్లేడులా కోస్తాయి, ఆ గాయాలు త్వరగా చీము పడతాయి. కోసుకుంటే మంచినీళ్లు, సబ్బుతో బాగా కడిగాకే మందు రాయాలి. కాలు కూరుకుపోతే పైకి లాగకండి, ఎంత లాగితే రెండో కాలు అంత దిగుతుంది. వెనక్కి వాలి కూర్చుని, కాలును అటూ ఇటూ ఆడిస్తూ నెమ్మదిగా వదిలించుకోవాలి. కొమ్మలు కూడా విరవకండి. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. మన కోరంగిలోనూ ఈ చెట్టుంది. పడినట్టు అనుమానం వస్తే పావుగంట ఆపకుండా నీళ్లతో కడిగి ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రశ్న: మొసళ్ల భయం ఎంతవరకు నిజం?
*– భీమిలి పాఠకుడు*

పూర్తిగా నిజం. అవి ఉప్పునీటి మొసళ్లు. కాలువల్లోనే ఉంటాయనుకోకండి, సముద్రంలో ఈదుతూ ఒక దీవి నుంచి ఇంకో దీవికి వెళ్తాయి. 2010లో హేవలాక్ దీవిలో, పగడపు దిబ్బల దగ్గర ఈదుతున్న విదేశీ పర్యాటకురాలిని మొసలి చంపింది. కాలువ సముద్రంలో కలిసే చోట, మడ చెట్ల అంచున, చీకటి పడ్డాక ఏ నీళ్లలోనైనా దిగకండి. పడవ అంచు మీంచి చేతులు వేలాడేయకండి. జెట్టీ మెట్ల మీద కూర్చుని కాళ్లు కడుక్కోవడం, గిన్నెలు తోమడం, చేప తలలు నీళ్లలో పారేయడం ప్రమాదం. ఒకే చోట రోజూ తిండి వాసన వస్తే మొసలి అక్కడికి అలవాటు పడుతుంది. హెచ్చరిక బోర్డు లేని తీరంలో స్నానం చేయాలనుకుంటే ముందు ఊరివాళ్లను అడగండి.

ప్రశ్న: శాడిల్ పీక్ ఎక్కాలని మా కాలేజీ మిత్రులం అనుకుంటున్నాం. అరకు, లంబసింగి కొండలు ఎక్కిన అలవాటుంది. అదెంత కష్టం?
*– మధురవాడ పాఠకుడు*

ఎత్తు 732 మీటర్లే, అండమాన్ నికోబార్‌లో అదే అన్నిటికన్నా ఎత్తయిన శిఖరం. అరకు లోయే అంతకన్నా ఎత్తులో ఉంది కదా అనుకోకండి. మీరు అరకులో మొదలుపెట్టేదే తొమ్మిది వందల మీటర్ల ఎత్తున, చల్లగాలిలో. ఇక్కడ సముద్ర మట్టం దగ్గర, ఉక్కపోతలో మొదలుపెట్టాలి. డిగ్లీపూర్ నుంచి కాలీపూర్ దాటి లామియా బే దగ్గర అటవీశాఖ గేటు ఉంటుంది, అక్కడ పేర్లు రాసి అనుమతి తీసుకోవాలి. ఒక వైపు దాదాపు ఎనిమిది కిలోమీటర్లు. మొదట తీరం వెంబడి రాళ్లు, వేళ్ల మీద నడక, తర్వాత నిలువుగా ఎక్కుడు.

ఎక్కేవాళ్లను ఓడించేది ఏటవాలు కాదు, చెమట. వాన అడవిలో గాలి ఆడదు, చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, నాలుగు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు మోసుకెళ్లండి. దారిలో నీళ్లు దొరుకుతాయని లెక్క వేసుకోకండి. పొద్దున ఆరింటికల్లా గేటు దాటాలి. పదకొండున్నరకు ఎక్కడున్నా వెనుదిరగండి, శిఖరం కనిపిస్తున్నా సరే. మన గడియారమే వాడుతున్నా అండమాన్ బాగా తూర్పున ఉంది. డిసెంబరు, జనవరిలో సాయంత్రం అయిదు దాటగానే పొద్దు గుంకుతుంది, చెట్ల కింద అంతకు ముందే చీకటి. విశాఖ అలవాటుతో ఆరింటి దాకా వెలుతురుందనుకున్నవాళ్లే దారి తప్పుతారు.

అక్కడ పులులు, చిరుతలు, ఎలుగులు లేవు. విషపాములు ఉన్నాయి కాబట్టి కూలిన మాను దాటేటప్పుడు ముందు మాను మీద కాలు పెట్టి, అవతల చూసి దిగండి. బెత్తపు తీగల ముళ్లు కొక్కేల్లా పట్టుకుంటాయి. చిక్కుకుంటే ముందుకు లాగకుండా ఒక అడుగు వెనక్కి వేస్తే వదులుతాయి. వాన పడితే జలగలు లేస్తాయి. ప్యాంటు చివర్లు సాక్సులో దోపండి. పట్టిన జలగను సిగరెట్‌తో కాల్చడం, ఉప్పు చల్లడం వద్దు, అది కక్కిన రక్తం గాయంలోకి పోతుంది. సన్నటి నోటి వైపు చర్మం మీద గోరు జరిపితే ఊడిపోతుంది. రక్తం గడ్డకట్టకుండా అది మందు ఎక్కిస్తుంది కనుక కాసేపు కారుతుంది, కంగారుపడొద్దు, గుడ్డతో నొక్కి ఉంచండి.

తీరం మీద పొద్దున, సాయంత్రం కుట్టే ఇసుక ఈగల సంగతి ఎవరూ ముందు చెప్పరు. కంటికి ఆనవు, దురద వారం దాకా పోదు. కాళ్లకు, చేతులకు కొబ్బరినూనె మందంగా రాస్తే కుట్టడం బాగా తగ్గుతుంది. ఇసుకలో నేరుగా కూర్చోకండి. తిరిగొచ్చిన నెల రోజుల్లో చలిజ్వరం వస్తే మలేరియా పరీక్ష చేయించుకోండి, అండమాన్ వెళ్లొచ్చామని డాక్టరుకు చెప్పండి.

ప్రశ్న: ఉత్తర అండమాన్‌లో కొన్నిచోట్ల మడ చెట్లు నిలువునా ఎండిపోయి ఉన్నాయి. ఎవరైనా నరికారా, రోగమా?
*– సీతమ్మధార పాఠకురాలు*

రెండూ కాదు. 2004 డిసెంబరు 26 భూకంపంలో ఈ దీవుల నేల ఒక వైపు లేచి, ఇంకో వైపు కుంగింది. ఉత్తరాన తీరం సుమారు మీటరు పైకి లేచిన చోట్లున్నాయి. పోర్ట్ బ్లెయిర్ వైపు దాదాపు మీటరు కుంగింది. పైకి లేచిన చోట మడ చెట్టు వేళ్ల దాకా పోటు రావడం ఆగిపోయింది. బురద ఎండింది, ఉప్పు పేరుకుంది, చెట్లు నిలబడ్డచోటే చచ్చాయి. పగడపు దిబ్బలు కూడా నీటి పైకి తేలి చచ్చిపోయాయి. దక్షిణాన జరిగింది దీనికి తలకిందులు. సిప్పీఘాట్ దగ్గర వరి పొలాల్లోకి ఉప్పునీరు వచ్చింది, మళ్లీ పోలేదు. కొన్ని చోట్ల ఆ పొలాల్లోనే ఇప్పుడు మడ మొక్కలు లేస్తున్నాయి. పోర్ట్ బ్లెయిర్ నుంచి వండూరు వెళ్లే దారిలో బండి ఆపి చూడండి.

ప్రశ్న: భాష, డబ్బు, ఫోను?
*– అనకాపల్లి పాఠకుడు*

తెలుగుతో చాలాచోట్ల నెట్టుకురావచ్చు. 2011 జనాభా లెక్కల్లో అక్కడ 13 శాతానికి పైగా జనం మాతృభాష తెలుగు, వాళ్లలో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లిన మత్స్యకార కుటుంబాలు ఎక్కువ. మిగతా చోట్ల హిందీ. నగదు పోర్ట్ బ్లెయిర్‌లోనే తీసుకోండి, రిజర్వు అడవి దారిలో సిగ్నల్ ఉండదు. శంఖాలు, గవ్వలు, పగడపు ముక్కలు ఏరుకోకండి. విమానాశ్రయంలో సంచులు చూసి తీసేసుకుంటారు, కేసు కూడా కావచ్చు.

ప్రశ్న: అంత దూరం, అంత ఖర్చు మావల్ల కాదు. దగ్గర్లో ఏమీ లేదా?
*– గోపాలపట్నం పాఠకురాలు*

కాకినాడ దగ్గర కోరంగి ఉంది. విశాఖ నుంచి రోడ్డు మీదే వెళ్లిపోవచ్చు. 1978లో అభయారణ్యంగా ప్రకటించారు, విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైన. వాన అడవి ఉండదు కానీ మడ అడవి విషయంలో అండమాన్‌కు ఏమాత్రం తీసిపోదు. రెండిటికీ తేడా ఉంది. కోరంగిని పెంచింది గోదావరి ఒండ్రు. అందుకే నీళ్లు మట్టి రంగులో ఉంటాయి, తెల్లమడ, నల్లమడ ఎక్కువ, శ్వాస వేళ్లు పరుపు పరిచినట్టుంటాయి. అండమాన్‌లో పెద్ద నది లేదు, నీళ్లు తేట, కాలువ అంచుల్లో పొన్నలదే రాజ్యం.

చెక్క వంతెన మీద నడవాలంటే పాటు వేళకు, పడవలో తిరగాలంటే పోటు వేళకు చేరుకునేలా కాకినాడ పట్టిక చూసుకోండి. రెండూ కావాలంటే పొద్దున ఏడు, ఎనిమిది మధ్య పాటు పూర్తయ్యే రోజు ఎంచుకోండి. ముందు రోజు రాత్రే కాకినాడ చేరి, తలుపులు తెరవగానే నడక పెట్టుకుంటే, నీరు పెరిగేసరికి పడవల దగ్గరికి రావచ్చు. ఆదివారాలు మానేయండి, జనం సందడికి పిట్టలు దూరం పోతాయి. బావురు పిల్లి కోసం వెళ్తే నిరాశే, అది రాత్రి వేటాడే జంతువు. కానీ వంతెన పక్క బురదలో దాని అడుగుజాడలు తెల్లవారి పాటులో కనిపించవచ్చు. తర్వాతి పోటుకు చెరిగిపోతాయి కాబట్టి, వాటి కోసమైనా మొదటి గంటలోనే వెళ్లండి.